నమ్మకం లేకుండా నాన్న సంవత్సరీకం పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు తెనాలి. నాన్న పోయి పది నెలలైంది. మొదటి పన్నెండు రోజులూ పురోహితుడు చెప్పినవన్నీ చేశాను. అప్పుడు ఏదీ ఆలోచించే ఓపిక లేదు. తర్వాత నెలనెలా పెట్టే మాసికాలకి మాత్రం వెళ్లలేదు. సెలవు దొరకడం లేదని అమ్మతో చెప్పాను. తమ్ముడు పెడుతున్నాడు. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడింది. పెద్దకొడుకుని కాబట్టి నేనే కూర్చోవాలని అమ్మ పట్టుదల. దేవుడు లేడని నేను అనను. రోజూ పడుకునే ముందు కాసేపు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాను. నా మనసులో ఆ దేవుడికి పేరూ లేదు, రూపమూ లేదు. కానీ మనం పెట్టే పిండం నాన్నకి చేరుతుందంటే మాత్రం నమ్మలేను. ఇదే మాట ఫోన్లో అంటే అమ్మ ఏడ్చేసింది. మామయ్య "నువ్వు నాస్తికుడివి, పితృశాపం తగులుతుంది, నీ కూతురికి మంచిది కాదు" అన్నాడు. ఆఫీసులో స్నేహితుడేమో "నమ్మకం లేకుండా చేస్తే మోసం, చేయకు" అంటున్నాడు. నాన్న ఏటా తాతయ్య తద్దినం పెట్టేవారు. నమ్మి పెట్టేవారో కాదో నేనెప్పుడూ అడగలేదు. మతవిశ్వాసం వేరు, సొంత నమ్మకం వేరు అంటారు కదా, ఆ తేడా ఏమిటి? నాది ఏది? నేను కూర్చోవాలా, వద్దా?
ఒక కొడుకు, బెంగళూరు

జవాబు: కూర్చోండి. నా అభిప్రాయం అదే. అయితే మీ మామయ్య చెప్పిన కారణానికి కాదు. అమ్మ ఏడ్చింది కాబట్టి అని కూడా అనను. కన్నీళ్లు చూసి ఒప్పుకుంటే ఈ ఏడాది గడుస్తుంది, వచ్చే ఏడాది మళ్లీ ఇదే టెన్షన్.

మీ ఉత్తరంలో నాన్నగారి గురించి రాసిన రెండు వాక్యాల దగ్గర చాలాసేపు ఆగాను. ఆయన ఏటా తద్దినం పెట్టారు. నమ్మి పెడుతున్నారా అని మీరు అడగలేదు. ఇంట్లో ఇంకెవరూ అడిగి ఉండరు. పురోహితుడు గోత్రం అడిగి ఉంటాడు, తిథి అడిగి ఉంటాడు, తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడిగి ఉంటాడు. పిండం చేరుతుందని నమ్ముతున్నావా అని మాత్రం అడిగి ఉండడు. మన ఇళ్లలో మతవిశ్వాసం చాలావరకు ఇలాగే ఉంటుంది. మనం పుట్టేసరికే అది ఇంట్లో ఉంటుంది. వంటింట్లో మడిగా, పంచాంగంలో తిథిగా, దేవుడి గూట్లో పటంగా ఉంటుంది. పదిమందితో కలిసి చేస్తాం, మన ముందువాళ్లు చేశారు కాబట్టి చేస్తాం, అందులో మన వంతు ఒక స్థానం మాత్రమే. ఆ రోజు ఆ పీట మీద కర్తగా ఎవరో ఒకరు కూర్చోవాలి. మీ నాన్నగారు కూర్చున్నారు.

సొంత నమ్మకం అలా రాదు. పక్కన ఎవరూ లేనప్పుడు "నువ్వు నిజంగా ఏమనుకుంటున్నావు" అని అడిగితే మీరు ఇవ్వగలిగే జవాబే మీ సొంత నమ్మకం. దానికి పూచీ మీరొక్కరే. పేరూ రూపమూ లేని దేవుడికి రాత్రిపూట మీరు పెట్టే దణ్ణం అలాంటిది. మీ నాన్నగారికీ ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది ఆయనతోనే పోయింది. తద్దినం పెట్టిన మనిషిగా ఆయన మీకు తెలుసు, అంతే. ఇది కొంచెం బాధ పెట్టే సంగతే. కానీ ఈ రెండూ వేరువేరు అనడానికి మీ ఇంట్లోనే ఉన్న రుజువు కూడా ఇదే.

అన్ని మతాల్లోనూ ఈ రెంటికీ మధ్య ఇంత దూరం ఉండదు. చాలా చర్చిల్లో ఆరాధనకి వచ్చినవాళ్లు విశ్వాస ప్రమాణం పైకి చదువుతారు. "నేను విశ్వసిస్తున్నాను" అని తమ నోటితో తామే అంటారు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకునేవారిని విశ్వాసం గురించి ముందుగా అడుగుతారు. ఇస్లాంలో విశ్వాసాన్ని చాటే మాట కలిమాయే ఒక సాక్ష్యం. నమాజుకు నిలబడేటప్పుడు మనసులో నియ్యత్, అంటే సంకల్పం, ఉండాలంటారు. అక్కడ లోపలి నమ్మకమే వాకిలి. అది లేకుండా ఆ మాట పలికితే అబద్ధమవుతుంది. మీ ఆఫీసు స్నేహితుడు చెప్పిన లెక్క అలాంటి చోట సరిగ్గా సరిపోతుంది. తద్దినానికి వాకిలి వేరే ఉంది: మీరు ఆయన కొడుకు కావడం.

ఇది నేను మీకోసం కనిపెట్టిన సర్దుబాటు కాదు. వేదకర్మల గురించి అందరికంటే లోతుగా చర్చించినవాళ్లు మీమాంసకులు. వాళ్ల శాస్త్రానికి భాష్యం రాసిన శబరస్వామి, దేవతలకు శరీరం లేదని, మనం అర్పించింది వాళ్లు తినరని, కర్మే ప్రధానమని వాదించాడు. ఆ దారిలోనే వచ్చిన కుమారిల భట్టు, సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్నే ఖండించాడు. వీళ్లు కర్మలు మానేయమన్నవాళ్లు కారు. తప్పకుండా చేసి తీరాలని పట్టుబట్టినవాళ్లు. మీ మామయ్య కొలత పెడితే వీళ్లలో సగంమంది నాస్తికులే అవుతారు!

ఇంకా దగ్గరి ఉదాహరణ రామాయణం అయోధ్యకాండలో ఉంది. తండ్రి పోయాడన్న కబురు రాముడికి చిత్రకూటంలో భరతుడి నోట తెలుస్తుంది. మందాకినిలో దిగి నీళ్లు వదిలాడు. ఒడ్డున దర్భలు పరిచి ఇంగుదీ అనే అడవికాయల పిండిలో రేగుపళ్లు కలిపి పిండం పెట్టాడు. మేం తింటున్నది ఇదే, ఇదే స్వీకరించండి అన్నాడు. మనిషి ఏది తింటాడో అతని దేవతలూ అదే తింటారన్నాడు. తర్వాత కౌసల్య ఆ పిండాన్ని చూసి, మహారాజుకి ఇలాంటిది పెట్టాల్సి వచ్చిందా అని కుమిలిపోయింది. ఇది జరిగిన కొద్ది సర్గలకే జాబాలి అనే బ్రాహ్మణుడు లేచి సరిగ్గా మీ సందేహమే అడుగుతాడు. చనిపోయినవాడు ఏం తింటాడు, ఇదంతా అన్నం పాడుచేయడం కాదా అంటాడు. ఇక్కడ ఒకడు తింటే ఇంకొకడి ఒంటికి చేరేట్టయితే, ప్రయాణం వెళ్లేవాడికి దారి బత్తెం ఎందుకు, ఇంటి దగ్గర శ్రాద్ధం పెడితే సరిపోతుంది కదా అంటాడు. రాముడికి కోపం వచ్చింది, గట్టిగా ఖండించాడు. రాముణ్ణి అయోధ్యకు మళ్లించడానికే అలా మాట్లాడానని జాబాలి చివరకు తగ్గాడు. ఈ వాదంలో రాముడిదే పైచేయి, దాన్ని మీకు అనుకూలంగా తిప్పి చెప్పను. నేను చెప్పదలచింది ఒక్కటే. పిండం పెట్టిన చెయ్యీ, చేరుతుందా అన్న ప్రశ్నా ఒకే కాండలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ ప్రశ్న మీతో మొదలు కాలేదు. మీ అమ్మగారు రోజూ దణ్ణం పెట్టుకునే ఆ రాముడి కథలోనే ఉంది.

మీకు ఎదురొచ్చే మాట కూడా ఉంది, అదీ చెప్పాలి. శ్రద్ధ లేకుండా చేసిన హోమం, ఇచ్చిన దానం ఇక్కడా పనికిరావు, పరలోకంలోనూ పనికిరావు అని గీత 17వ అధ్యాయం చివరి శ్లోకం. మీ పురోహితుడు ఈ శ్లోకం చదివి వినిపిస్తే కాదనలేరు. కానీ ఆ శ్లోకం మాట్లాడేది ఫలం గురించి. ఫలం వస్తుందా రాదా అన్నది అమ్మగారూ పురోహితుడూ చూసుకునే సంగతి. ఆ ఫలం కోసమే మీరు కూర్చోవడం లేదు కదా. నాన్నగారి పేరు ఆ రోజు ఆ ఇంట్లో పలకాలి, ఆయన పేరు మీద ఎవరో ఒకరు కడుపునిండా తినాలి, అమ్మ పక్కన మీరుండాలి. ఇవి మీరు మనస్ఫూర్తిగా కోరుకోగలిగినవే. మీ ముత్తాత పేరు మీకు ఇప్పటికిప్పుడు గుర్తొస్తుందా? సంవత్సరానికి ఒక్కసారైనా ఆ పేరు పలికే చోటు మీ ఇంట్లో ఇదొక్కటే అయి ఉంటుంది. మీ ఇంట్లోనే కాదు, గోత్రాలతో పనిలేని ఇళ్లలో కూడా పెద్దల్ని తలుచుకునే రోజంటూ ఒకటి ఉంది. తెలంగాణలో పెత్రమాసనాడు, అంటే భాద్రపద అమావాస్యనాడు, పెద్దల పేరు చెప్పి స్వయంపాకం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటారు. ఆ బట్టలు ఎవరికి చేరాయో ఎవరూ ఆరా తీయరు.

"మరి మంత్రాలు నా నోటితోనే చెప్పాలి కదా, అది మోసం కాదా" అని మీరు అడగవచ్చు. మీ పెళ్లి గుర్తు తెచ్చుకోండి. పురోహితుడు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించి అరుంధతి కనిపించిందా అని అడిగి ఉంటాడు. పగటిపూట పెళ్లయితే అక్కడ ఏ నక్షత్రమూ కనిపించదు. అయినా వధూవరులు తలూపుతారు. ఆ జంట అబద్ధంతో కాపురం మొదలుపెట్టిందని ఎవరూ అనరు, వాళ్లకూ అనిపించదు. ఆ ప్రశ్న అక్కడ కంటిచూపు గురించి కాదని అందరికీ తెలుసు. కర్తగా కూర్చుని పలికే మంత్రం కూడా కోర్టులో చెప్పే సాక్ష్యం లాంటిది కాదు. ఆ పీట మీద తరతరాలుగా కూర్చున్నవాళ్లు పలికిన మాట, ఇప్పుడు మీ వంతు వచ్చింది.

అయితే ఎక్కడో ఒక గీత ఉంటుంది, అది ఎక్కడుందో మీరే చూసుకోవాలి. దీనికి నాకెప్పుడూ గుర్తొచ్చేది కేరళలోని ముగ్గురు పిల్లలు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. బడిలో జనగణమన పాడేటప్పుడు అందరితోపాటు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. పాడితే తమ విశ్వాసానికి విరుద్ధమని వాళ్ల నమ్మకం. 1985లో బడి నుంచి పంపేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది కాదు, వాళ్లు దాన్ని మనస్సాక్షిగా, నిజాయితీగా నమ్ముతున్నారా అన్నదే చూడాలని ఆయన అన్నారు. రాజ్యాంగం 25వ అధికరణం కూడా అంతఃకరణ స్వేచ్ఛనీ, మతాన్ని ఆచరించే హక్కునీ పక్కపక్కన రెండు మాటలుగానే పెట్టింది. మీ సమస్య కోర్టుది కాదని తెలుసు. నేను ఆ పిల్లల్ని తలచింది వాళ్లు నిలబడిన తీరు కోసం. గౌరవం ఎక్కడిదాకా, ఒప్పుకోలు ఎక్కడ మొదలవుతుంది అన్నది ఆ వయసులోనే వాళ్లకు తేటగా తెలుసు. లేచి నిలబడటానికి అభ్యంతరం లేదు, పాడటానికే ఉంది. మీకైతే పీట మీద కూర్చోవడం, పేర్లు చెప్పడం, భోక్తల (తద్దినం భోజనానికి పిలిచిన బ్రాహ్మణుల) కాళ్లు కడగడం, వడ్డించడం, ఇవన్నీ నిలబడటం లాంటివి. అంతా అయ్యాక అమ్మగారు "నాన్నకి చేరిందంటావా" అని అడిగితే, మీ నమ్మకంగా "చేరింది" అనడం పాడటం. అది అనకండి. "నాకు తెలియదమ్మా, నువ్వు నమ్ముతున్నావు కదా" అనండి. ఆ మాటకి ఆవిడ మొదట నొచ్చుకున్నా, మీరు నిజం చెబుతున్నారని ఆవిడకి తెలుస్తుంది.

ఇక మోసం సంగతి. మీ ఉత్తరంలో మోసం ఉన్నది సంవత్సరీకంలో కాదు, మాసికాల దగ్గర. సెలవు దొరకక కాదు కదా మీరు వెళ్లనిది. నమ్మకం కోసం కర్మ మానుకున్నానని మీరనుకుంటున్నారు. కానీ అందుకోసం అమ్మతో నెలనెలా అబద్ధం చెప్పారు. సొంత నమ్మకానికి ఉన్న బలమంతా నిజాయితీలోనే ఉంది. మతానికైతే గుడి ఉంది, గ్రంథం ఉంది, పురోహితుడున్నాడు, పదిమంది తోడున్నారు. మీ నమ్మకానికి మీ మాట తప్ప వేరే ఆధారం లేదు. అందుకని సంవత్సరీకానికి ముందే ఈ ముడి విప్పండి, ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. "అమ్మా, సెలవు దొరకలేదని చెప్పింది నిజం కాదు. నాకు మనసొప్పక రాలేదు. పిండం నాన్నకి చేరుతుందో లేదో నాకు తెలియదు. కానీ నాన్న కోసం, నీకోసం కూర్చుంటాను. కూర్చున్నంతసేపూ సరిగ్గా చేస్తాను." ఇంతకంటే ఎక్కువ చెప్పొద్దు. ఆవిడ నమ్మకం తప్పని నిరూపించే పని పెట్టుకోవద్దు. యాభై ఏళ్లుగా ఆ ఇంటి తద్దినాలకి మడికట్టుకుని వండిన మనిషి కావచ్చు ఆవిడ. భర్త ఎక్కడో ఉన్నాడు, తను పంపేది అందుతోంది అన్న ఆ భావన మీదే ఆవిడ ఇప్పుడు రోజులు గడుపుతుండవచ్చు. మీ నమ్మకాన్ని ఆవిడ పరీక్షించకూడదని మీరు కోరుకుంటున్నప్పుడు, ఆవిడ నమ్మకాన్ని మీరు పరీక్షకు పెట్టడం న్యాయం కాదు.

మీ మామయ్య అన్న మాట గురించి మాత్రం నాకు కోపంగా ఉంది. తండ్రి పోయిన ఏడాదిలో, ఒక మనిషితో "నీ కూతురికి మంచిది కాదు" అనడం ఏ మతవిశ్వాసమూ కాదు. అది భయపెట్టడం. భయం వల్ల చేసినది భక్తీ కాదు, బాధ్యతా కాదు. పైగా అది ఒక్కసారితో ఆగదు. పాపకి జ్వరం వచ్చినా, చదువులో వెనకబడినా దానికే ముడిపెడతారు, ఆ దోషానికి శాంతి అని ఇంకో ఖర్చు చెబుతారు. ఆ మాట మీ మనసులో ఏ మూలన మిగిలి ఉన్నా, దాన్ని తీసేసుకున్నాకే పీట మీద కూర్చోండి. మామయ్యతో వాదన వద్దు. "మా అమ్మాయి పేరు ఇందులోకి తేవద్దు మామయ్యా" అని ఒక్కసారి గట్టిగా చెబితే చాలు.

మీ సొంత నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి, చనువుగా తీసుకోండి. ఎవరికీ తెలియని నమ్మకాన్ని ఎవరూ ప్రశ్నించరు. అందులో హాయి ఉంది, ప్రమాదమూ ఉంది. నాన్నగారు పోయిన ఆ పన్నెండు రోజులూ మీకు ఏదీ ఆలోచించే ఓపిక లేదని మీరే రాశారు. ఆ రోజుల్లో మిమ్మల్ని పొద్దున్నే లేపి, స్నానం చేయించి, చేతికి పని ఇచ్చి, సాయంత్రానికి చేర్చినది రాత్రిపూట పెట్టుకునే దణ్ణం కాదు, ఆ కర్మకాండే. మనిషి సొంత నమ్మకం ముప్పై ఆరేళ్లప్పుడు ఉన్నట్టు యాభైలో ఉండదు. మధ్యలో కొన్నేళ్లు అసలు ఉండకపోవచ్చు. పదిమందిదైన మతం ఆ ఖాళీల్లో కూడా మనిషిని పట్టుకుని ఉంచగలదు. అలాగని అది మీ లోపలి మాటను ఆక్రమించుకుంటానంటే ఒప్పుకోనక్కర్లేదు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కూతురి పెళ్లి 1948లో గాంధీజీ సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిగింది. దేవుడి మాట వచ్చే చోట సత్యం అన్న మాట వాడటానికి గాంధీజీ బతికుండగానే ఒప్పుకున్నారు. ఆయన పరమ ఆస్తికుడు, గోరా పక్కా నాస్తికుడు. ఇద్దరూ తమ తమ నమ్మకాలు ఒక్క అంగుళం వదులుకోకుండానే ఆ పెళ్లికి మాటలు కుదుర్చుకున్నారు. మీకూ అమ్మగారికీ మధ్య అంత దూరం కూడా లేదు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. వారం ముందే పురోహితుడికి ఫోన్ చేసి ఆ రోజు ఏమేం జరుగుతుందో, ఏ మంత్రానికి ఏ అర్థమో అడగండి. విసుక్కోకుండా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏదైనా ఒక మాట మీ గొంతు దాటనంటే అదీ ముందే చెప్పండి, అందరి మధ్య ఆపకండి. ఖర్చు, ఆర్భాటం విషయంలో మొహమాటపడొద్దు. వండి పెట్టలేనివాళ్లకి ఆమశ్రాద్ధం (వండని బియ్యం, పప్పులు ఇవ్వడం), హిరణ్యశ్రాద్ధం (డబ్బు ఇవ్వడం) అని సంప్రదాయంలోనే దారులున్నాయి. ఏమీ లేనివాడు చేతులు పైకెత్తి తన భక్తితోనే తృప్తిపడమని పితృదేవతలను వేడుకుంటే చాలని విష్ణుపురాణం చెబుతుంది. ఇకమీదట ప్రతి ఏడూ పెడతానని ఇప్పుడే మాటివ్వకండి. ఈ ఏడాదికి మాత్రమే ఒప్పుకోండి.

ఇంకొకటి. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. అధికమాసం పడితే తప్ప, ఆ తిథి నాన్నగారు పోయిన ఇంగ్లీషు తేదీ కంటే పదీ పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. కాబట్టి మీ చేతిలో రెండు రోజులున్నాయి. తిథినాడు తెనాలిలో అందరితోపాటు ఉండండి. ఇంగ్లీషు తేదీనాడు బెంగళూరులో మీ నమ్మకానికి తగ్గట్టు నాన్నగారిని తలుచుకోండి. ఎలాగన్నది నేను చెప్పను, అది పూర్తిగా మీది. వీలైతే ఆ రోజు పాపకి తాతయ్య గురించి చెప్పండి, ఆయన తద్దినాలు పెట్టేవారన్న సంగతితో సహా.

ఇంత చెప్పినా మీకు మనసొప్పకపోతే బలవంతం లేదు. కర్తగా తమ్ముడు కూర్చోవచ్చు, మాసికాలన్నీ పెట్టింది అతనే కదా. కానీ అప్పుడు కూడా మీరు బెంగళూరులో ఉండిపోకండి. ముందురోజు సాయంత్రానికే తెనాలి చేరండి. కూరలు తేవడం, నీళ్లు మోయడం, భోక్తలకి వడ్డించడం మీరు చూసుకోండి. అమ్మగారు చివర్లో తింటారు, ఆవిడ తినేదాకా అక్కడే ఉండండి.